చుక్జే: కొరియా బడిలో ఒక పండుగ రోజు
(పూర్వ విద్యార్థుల సంఘం స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



కార్యదర్శి గారు ఫోన్ చేసి, "అమ్మా, కొరియాలో పాఠాలు చెప్పొచ్చావు కదా, ఒక ఇరవై నిమిషాలు ఆ సంగతులు మాట్లాడు" అన్నారు. రెండేళ్ల సంగతులు ఇరవై నిమిషాల్లో చెప్పడం నా వల్ల అయ్యే పని కాదు. అందుకని ఒక్క రోజు గురించే చెప్తాను. నేను పనిచేసిన బడిలో జరిగిన పండుగ రోజు. వాళ్ల భాషలో దాన్ని 'చుక్జే' అంటారు. మనకు వార్షికోత్సవం ఎలాగో వాళ్లకు చుక్జే అలాగ. మన వార్షికోత్సవం ఇక్కడున్న అందరికీ తెలుసు కాబట్టి, రెండింటినీ పక్కపక్కన పెట్టుకుని చూడటం తేలిక.

పెనుకొండ దగ్గర కియా కార్ల ఫ్యాక్టరీ వచ్చాక మన జిల్లాకు కొరియా వాళ్లు కొత్తవాళ్లేమీ కాదు. ఆ దారిలో పోతుంటే కొరియా అక్షరాలతో హోటల్ బోర్డులు కూడా కనబడతాయి. నేను వెళ్లినప్పుడు మాత్రం ఇవేవీ లేవు. "ఉత్తర కొరియానా, దక్షిణ కొరియానా?" అని మా బంధువులు పది మంది అడిగుంటారు.

అక్కడి బడుల్లో ఇంగ్లీషు చెప్పడానికి మామూలుగా ఏడు దేశాల వాళ్లకే వీసా ఇస్తారు. అమెరికా, కెనడా, బ్రిటన్, ఐర్లండ్, ఆస్ట్రేలియా, న్యూజిలాండ్, దక్షిణాఫ్రికా. 2010 జనవరిలో భారత్, కొరియా మధ్య ఆర్థిక భాగస్వామ్య ఒప్పందం అమల్లోకి వచ్చాక, డిగ్రీతోపాటు టీచర్ శిక్షణ అర్హత ఉన్న మన వాళ్లకూ సహాయ ఉపాధ్యాయులుగా వెళ్లే దారి దొరికింది. ఆ దారిలో వెళ్లిన కొద్దిమందిలో నేనొకదాన్ని. 2017 మార్చిలో చేరాను. అక్కడ విద్యా సంవత్సరం మార్చిలో మొదలవుతుంది.

నన్ను వేసింది దేశానికి నైరుతి మూల, దక్షిణ జొల్లా ప్రాంతంలోని ఒక పల్లెటూరి మిడిల్ స్కూలుకు. మిడిల్ స్కూలంటే మూడేళ్లు, దాదాపు మన ఏడు నుంచి తొమ్మిది దాకా అనుకోండి. కొరియాకు జొల్లా ధాన్యాగారం. బడి కిటికీలోంచి చూస్తే కనుచూపు మేర వరి. అనంతపురం నుంచి పోయినదాన్ని కదా, మొదటి నెలంతా పాఠం కంటే కిటికీ మీదే నా కన్ను. మూడు తరగతులకూ కలిపి పిల్లలు 62 మంది.

పండుగలోకి పోయే ముందు భాష గురించి రెండు ముక్కలు చెప్పాలి. అది తెలియకపోతే మిగతాది సరిగ్గా అర్థం కాదు. కొరియా వాక్యం మన వాక్యంలాగే నడుస్తుంది. కర్త ముందు, కర్మ తరువాత, క్రియ చివర. మనం 'గారు' తగిలించినట్టు వాళ్లు 'నిమ్' తగిలిస్తారు. చివర 'అండీ' అన్నట్టు 'యొ' అంటారు. 1905లోనే హోమర్ హల్బర్ట్ అనే అమెరికన్ మన ద్రావిడ భాషల్నీ కొరియా భాషనూ పోలుస్తూ ఒక పుస్తకం వేశాడు. ఈ చుట్టరికాన్ని భాషా పండితులు ఒప్పుకోరు. ఒప్పుకోకపోయినా, అక్కడ అమ్మను 'ఒమ్మా' అనీ, నాన్నను 'అప్పా' అనీ పిలుస్తుంటే పరాయి దేశంలో ఉన్నట్టు అనిపించలేదు.

ఇంకొకటి. మనం 'నా బడి' అనం, 'మా బడి' అంటాం. 'నా ఆవిడ' అనం, 'మా ఆవిడ' అంటాం. ఇంగ్లీషు వాడికి ఇది చెబితే నవ్వుతాడు. కొరియా వాళ్లు నవ్వరు. వాళ్లూ 'మా' ఇల్లు, 'మా' అమ్మ, 'మా' భార్య అనే అంటారు. ఆ 'మా' అనే మాట వాళ్ల భాషలో 'ఉరి'. మన భాషలో ఆ మాటకున్న అర్థం అదృష్టవశాత్తు వాళ్లకు తెలియదు. 'ఉరి హక్క్యో' అంటే 'మా బడి'. ఆ రెండు మాటలు ఆ ఊళ్లో ఎంత బరువైనవో తరువాత చెప్తాను.

పలకరింపులూ అంతే. మనం "భోజనం అయిందా?" అంటాం, వాళ్లు "అన్నం తిన్నారా?" అంటారు. ఎవరైనా పరిచయమవగానే మొదటి ప్రశ్న వయసు. అవమానించడానికి కాదు. వయసు తెలియనిదే ఏ క్రియతో మాట్లాడాలో వాళ్లకు తేలదు. మనకు నువ్వా మీరా అన్న తంటా ఉన్నట్టే. టీచరును ఎవరూ పేరు పెట్టి పిలవరు, 'సొన్‌సేంగ్‌నిమ్' అంటారు. వరండాలో ఎదురైతే పిల్లలు నడుము వంచి నమస్కరిస్తారు. ఏదిచ్చినా రెండు చేతులతో ఇస్తారు. తరగతిలో ఎంత అడిగినా నోరు విప్పరు. తప్పు చెబితే పదిమందిలో తలవంపులు అని భయం.

ఇలాంటి బడిలో పండుగంటే మరీ బిగుసుకుపోయినట్టు ఉంటుందనుకోవడం సహజం కదా. అక్కడే అసలు సంగతి ఉంది.

మా బడిలో చుక్జే డిసెంబరు చివర, రెండో సెమిస్టరు పరీక్షలు అయిపోయాక, చలికాలం సెలవులకు ముందు జరిగేది. మన దగ్గర వార్షికోత్సవానికి నెల ముందు ఏం జరుగుతుందో మీకు తెలుసు. ఆహ్వాన పత్రికలో ఎవరి పేరు ముందు, ఎవరి పేరు తరువాత, వేదిక మీద ఎన్ని కుర్చీలు, ఎవరికి శాలువా, ఎవరికి మెమెంటో. డాన్సులకు పక్క ఊరి నుంచి డాన్సు మాస్టరు. మైకు తెలుగు మాస్టారి చేతిలో. పిల్లలు ఎక్కమన్నప్పుడు ఎక్కి, దిగమన్నప్పుడు దిగుతారు. అక్కడ నవంబరు నెలంతా నేను ఎదురుచూశాను, టీచర్ల సమావేశంలో దీని గురించి ఎప్పుడు మాట్లాడుకుంటారా అని. ఒకసారి మాట్లాడుకున్నారు, పది నిమిషాలు. ఖర్చు ఎంత, నిప్పుతో పని ఉన్న స్టాళ్ల దగ్గర ఏ టీచరు నిలబడాలి, అంతే. మిగతాదంతా విద్యార్థి సంఘం చూసుకుంది. పద్నాలుగు పదిహేనేళ్ల పిల్లలు. కార్యక్రమాల వరుస వాళ్లే రాశారు, పోస్టర్లు వాళ్లే గీశారు, సౌండు వాళ్లే పెట్టారు, వ్యాఖ్యాతలూ వాళ్లే.

పొద్దున స్టాళ్లు, మధ్యాహ్నం వేదిక. స్టాళ్లను క్లబ్బులు నడుపుతాయి. క్లబ్బును వాళ్లు 'దొంగారి' అంటారు. మొదటిసారి ఒక పిల్లాడు వచ్చి ఎంతో మర్యాదగా "మీరు మా దొంగారికి రావాలి" అన్నప్పుడు నవ్వు ఆపుకోవడం కష్టమైంది. ఒక గదిలో పిల్లలు సొంతంగా రాసిన కవితలకు బొమ్మలు వేసి ప్రదర్శన పెట్టారు. ఇంకో గదిలో కిటికీలకు నల్ల కాగితాలు అంటించి దయ్యాల కొంప. ఇంకో చోట తొక్‌పొక్కి, అంటే బియ్యప్పిండి ముద్దలను ఎర్రటి కారం పులుసులో ఉడికించింది. గుంటూరు వాళ్లు తింటే తీపి ఎక్కువైందంటారు గానీ బాగుంటుంది.

నాకూ ఒక స్టాలు ఇచ్చారు. ఇండియా గురించి పోస్టర్లు అంటించి తాజ్‌మహల్ చూపించడం నాకు ఇష్టం లేదు. మా అమ్మకు చెబితే గోరింటాకు కోన్లు పంపించింది. అవి పెట్టుకుని కూర్చున్నాను. ఉపప్రధానోపాధ్యాయుడు వచ్చి చూసి, "ఇది ఎన్నాళ్లు ఉంటుంది?" అని అడిగారు. "పది రోజులు" అన్నాను. కాసేపు ఆలోచించి, "సెలవులే కదా" అని వెళ్లిపోయారు.

మొదట ఆడపిల్లలు వచ్చారు. తరువాత మగపిల్లలు కూడా చేతులు చాచారు. మన దగ్గరైతే మగపిల్లాడు గోరింటాకు పెట్టించుకుంటే నెల రోజులు ఏడిపిస్తారు. అక్కడ ఆ గొడవే లేదు. పదకొండు గంటలకు ఊళ్లోంచి ముసలమ్మలు వచ్చారు. పొట్టిగా కత్తిరించి ఉంగరాలు చుట్టించుకున్న జుట్టు, పువ్వుల ప్యాంట్లు, పొలం పనికి వంగి వంగి వంగిపోయిన నడుములు. వాళ్లలో ఒకావిడ నా చేతిలో కోను చూసి, వాసన పీల్చి, పిల్లల వంక తిరిగి ఏదో గబగబా చెప్పింది. నాతో కలిసి పాఠం చెప్పే కొరియా టీచరమ్మ దాన్ని ఇంగ్లీషులోకి మార్చి చెప్పింది. వాళ్ల చిన్నప్పుడు కూడా ఇలాంటిది ఉండేదట. బొంగ్సన్‌హ్వా అని పెరటి మొక్క. ఎండాకాలం దాని ఎర్రపూలను పటికతో కలిపి నూరి, గోళ్ల మీద పెట్టి, ఆకు చుట్టి, దారంతో కట్టి పడుకుంటారు. పొద్దునకు గోళ్లు ఎర్రబడతాయి. ఆ ఎరుపు చలికాలం తొలి మంచు పడేదాకా గోటి చివర మిగిలి ఉంటే, తొలి ప్రేమ ఫలిస్తుందని నమ్మకం.

నేను మన మాట చెప్పాను. గోరింటాకు ఎంత ఎర్రగా పండితే అంత మంచి మొగుడొస్తాడని. టీచరమ్మ అది కొరియాలో చెప్పగానే ముసలమ్మలంతా ఒకళ్ల మీద ఒకళ్లు పడి నవ్వారు. "మాకిప్పుడు పెట్టి ఏం లాభం" అని ఒకావిడ అందట. అని, చెయ్యి చాచింది. ఆ చేతులకు గోరింటాకు పెట్టడం అంత సులువు కాలేదు. చర్మం గరుకు, వేళ్లు వంకర. మా అవ్వ చేతులూ అంతే. నూర్చిన వాళ్ల చేతులు ఏ దేశంలోనైనా అంతే కాబోలు. ఆ పూట దయ్యాల కొంప కంటే నా స్టాలు దగ్గరే వరుస పొడుగ్గా ఉంది. ఇది గొప్పకు చెప్పట్లేదు. సరే, కొంచెం గొప్పకే చెప్తున్నాను.

మధ్యాహ్నం వేదిక. జెండాకు వందనం, జాతీయగీతం. ప్రధానోపాధ్యాయురాలు మూడు నిమిషాలు మాట్లాడి దిగి, వెనక వరసలో పిల్లల మధ్య కూర్చున్నారు. అంతే. జ్యోతి ప్రజ్వలన లేదు, ముఖ్య అతిథి లేరు, వేదిక మీద కుర్చీలే లేవు. వేదిక ఖాళీగా ఉంది, పిల్లల కోసం.

వ్యాఖ్యాతగా వచ్చిన అమ్మాయిని చూసి నా కళ్లను నేనే నమ్మలేదు. ఏడాదంతా నా తరగతిలో మూడో బెంచీలో తల వంచుకుని కూర్చున్న పిల్ల. మైకు పట్టుకుని సభను ఒక ఆట ఆడించింది. తరువాత ఇద్దరు కుర్రాళ్లు టీచర్లను అనుకరిస్తూ ఒక నాటిక వేశారు. లెక్కల మాస్టారు ముక్కు మీది కళ్లజోడు ఎగదోసే తీరు, ప్రధానోపాధ్యాయురాలి నడక, ఆవిడ గొంతు. నేను బిక్కుబిక్కుమంటూ వెనక్కి తిరిగి చూశాను. ఆవిడ కళ్లలో నీళ్లొచ్చేలా నవ్వుతున్నారు. నా వంతూ వచ్చింది. నేను మాట్లాడేటప్పుడు తల అటూ ఇటూ ఊపుతానని అప్పటిదాకా నాకు తెలియదు. మన కాలంలో హెడ్మాస్టరు గారిని వేదిక మీద అనుకరించి ఉంటే ఏమయ్యేదో ఇక్కడున్న మా బ్యాచ్ వాళ్లను అడగండి. ముఖ్యంగా ఆ మూలన కూర్చుని నవ్వుతున్న ఆయన్ను.

మర్నాడు పొద్దున అదే కుర్రాళ్లు వరండాలో ఎదురై, నడుము వంచి నమస్కరించారు. ఏమీ జరగనట్టే. దీని గురించి నేను చాలా ఆలోచించాను. మనకు వార్షికోత్సవం రోజున మర్యాదలు పెరుగుతాయి. మామూలు రోజున పిల్లల భుజం మీద చెయ్యేసి మాట్లాడే మాస్టారు కూడా ఆ రోజు కండువా వేసుకుని దూరంగా కూర్చుంటారు. వాళ్లకు 364 రోజులు మర్యాదే. ఆ ఒక్క రోజు పట్టు సడలిస్తారు. మన పల్లెల్లో కొన్ని జాతర్లలో పెద్దా చిన్నా తేడా ఒక పూట మరిచిపోవడం ఉంది కదా, దానికి దగ్గరిది ఇది.

అన్నీ నాకు నచ్చాయని కాదు. మగపిల్లలు ఆడపిల్లల యూనిఫాం, విగ్గు వేసుకుని నడిచే పోటీ ఒకటి అక్కడ మామూలు. ఆడవేషం మనకు కొత్త కాదు. వేదాంతం సత్యనారాయణ శర్మ గారి సత్యభామను, స్థానం నరసింహారావు గారి పాత్రలను తలుచుకునే వాళ్లం. అయితే అది కళ, ఏళ్ల తరబడి సాధన. ఇది ఆడపిల్ల నడకను వెక్కిరించి నవ్వించడం. సభలో ఆడపిల్లలే ఎక్కువ నవ్వారు. నేను నవ్వలేదు, ఇప్పుడు తలుచుకున్నా నవ్వు రాదు.

అన్నిటికంటే నాకు నచ్చింది ఒక పిల్లాడి పాట. శ్రుతి లేదు, లయ లేదు. మన దగ్గర ఎంపికలోనే పక్కన పెట్టేసేవాళ్లు. అక్కడ ఎంపికే లేదు, పేరిస్తే చాలు. ఫోన్లు రోజూ పొద్దునే టీచరు తీసి దాస్తుంది, ఆ రోజు మాత్రం పిల్లల దగ్గరే ఉంచింది. సభంతా ఫోన్ల లైట్లు వెలిగించి గాలిలో ఊపుతూ వాడితో కలిసి పాడింది. వాడు ఎత్తుకున్న శ్రుతిలోనే, అంటే శ్రుతే లేకుండా.

చివరకు సముల్‌నోరి. నాలుగు వాయిద్యాలు. చిన్న కంచు తాళం, పెద్ద జేగంట, రెండు రకాల డోళ్లు. పల్లెల్లో నాట్లకూ కోతలకూ రైతులు వాయించుకునే మేళం అది. దాన్ని 1978లో సియోల్‌లో వేదిక మీదికి తెచ్చి ఈ రూపం ఇచ్చారు. దానికి మూలమైన రైతుల మేళాన్ని 2014లో యునెస్కో తన జాబితాలో చేర్చింది. పిల్లలు నెమ్మదిగా మొదలుపెట్టి, వేగం పెంచుకుంటూ పోయారు. మన డప్పు ఒక ఊపందుకున్నాక గుండెలో ఎలా మోగుతుందో అచ్చం అలాగే. ముసలమ్మలు కుర్చీల్లోంచి లేచి చేతులు ఊపుతూ అడుగులేశారు. వాళ్ల అరచేతుల్లో నా గోరింటాకు.

కార్యక్రమం అయిపోయింది. ఎవరూ చెప్పకుండానే పిల్లలు చీపుర్లు తీశారు. కుర్చీలు మడిచారు, నేల తుడిచారు, చెత్తను వేరువేరు సంచుల్లో కట్టారు. టీచర్లూ పట్టారు. అరగంటలో హాలు అద్దంలా అయింది. రోజూ బడిలో శుభ్రం చేసే సమయం ఒకటి ఉంటుంది, ఇది దాని కొనసాగింపే. ఈ మాట ఇక్కడ చెప్పగానే, మన పిల్లల చేత కూడా చేయించాలని కొందరు అంటారు. ఆగండి. మన పల్లెటూరి బడుల్లో చీపురు ఉండేది, అందరి చేతుల్లోకీ వచ్చేది కాదు. ఎవరి పిల్లలు ఊడ్చేవాళ్లో, ఎవరి పిల్లలు గట్టు మీద కూర్చునేవాళ్లో ఈ సభలో చాలామందికి గుర్తుంది. కొందరికి వీపు మీద గుర్తుంది. బడిలో పిల్లల చేత ఊడ్పించారని తల్లిదండ్రులు గొడవ పెట్టుకుంటే నాకు వాళ్ల కోపం అర్థమవుతుంది. అక్కడ నేను చూసిన విశేషం పిల్లలు ఊడవడం కాదు, ఊడవనివాళ్లు ఒక్కరూ లేకపోవడం.

ఆ సాయంత్రం నాకు ఒక పిల్లాడు డబ్బా కాఫీ తెచ్చిచ్చాడు. తీసుకోకూడదు. 2016 సెప్టెంబరు 28 నుంచి అక్కడ ఒక గట్టి చట్టం అమల్లో ఉంది. తన దగ్గర చదివే పిల్లల నుంచి టీచరు చిన్న కానుక కూడా పుచ్చుకోకూడదు. వాడికి చెబితే, కాఫీ వాడే తాగేసి, నోటుబుక్కులోంచి కాగితం చింపి రెండు వాక్యాలు ఇంగ్లీషులో రాసిచ్చాడు. ఉత్తరానికి చట్టం అడ్డం రాదు. అందులో మూడు స్పెల్లింగు తప్పులున్నాయి. దిద్దలేదు, దాచుకున్నాను.

గేటు బయట అప్పటికే ట్యూషన్ల వ్యాన్లు వచ్చి నిలబడ్డాయి. పండుగ రోజు కూడా సాయంత్రం ట్యూషనే. చదువు ఒత్తిడిలో వాళ్లు మనకేమీ తీసిపోరు. నవంబరులో జరిగే కాలేజీ ప్రవేశ పరీక్ష రోజున, ఇంగ్లీషు విని రాసే భాగం జరుగుతున్నంతసేపు దేశమంతా విమానాలు ఎగరకుండా, దిగకుండా ఆపేస్తారు. అంత పట్టింపు ఉన్న దేశం ఏడాదికి ఒక రోజును పిల్లలకు పూర్తిగా వదిలేసింది. మన పక్కన మైదానం కూడా లేకుండా నడిచే కాలేజీల్లో ఆ ఒక్క రోజు కూడా లేదు.

ఇక, 'ఉరి హక్క్యో' సంగతి. పండుగకు తల్లిదండ్రులు పెద్దగా రాలేదు, పని రోజు కదా. వచ్చింది ముసలివాళ్లూ, పూర్వ విద్యార్థుల సంఘం వాళ్లూ. అవునండీ, మనలాంటి సంఘమే. వాళ్లు తమను ఫలానా ఏడు అని చెప్పుకోరు. బడి పెట్టినప్పటి నుంచి లెక్క. "నేను 14వ బ్యాచ్" అంటారు. ఊరి మొదట్లో బ్యానర్ కట్టించారు. బియ్యప్పిండితో చేసిన తొక్ పెట్టెలు మోసుకొచ్చారు.

ఆ బడి వరండా గోడ మీద ఏటేటా బయటికెళ్లిన బ్యాచ్‌ల ఫోటోలు వరుసగా ఉంటాయి. మొదటి వాటిలో ముఖాలు పోల్చలేం, అంతమంది. వరుసలు వరుసలుగా బడి మెట్ల మీద నిలబడి ఉంటారు. నడుస్తూ పోతే మెట్ల మీద జనం తగ్గుతూ వస్తారు. చివరి ఫోటోలో ఒకే వరుస. ఆ దేశంలో పిల్లలు పుట్టడం తగ్గిపోయింది. సగటున ఒక స్త్రీకి పుట్టే పిల్లల సంఖ్య 2018లో 1 కంటే కిందికి దిగింది, 2023కి 0.72 అయింది. 1980ల నుంచి దేశంలో మూడు వేలకు పైగా బడులు మూతబడ్డాయి. ఎక్కువ మూతబడింది దక్షిణ జొల్లాలోనే. 2019లో ఆ ప్రాంతంలోనే గంగ్జిన్ కౌంటీలో ఒక ప్రాథమిక పాఠశాలకు ఒకటో తరగతిలో చేరే పిల్లలు లేకపోతే, అవ్వలను చేర్చుకున్నారు. ఆడపిల్లలకు చదువెందుకన్న రోజుల్లో బడి గుమ్మం తొక్కనివాళ్లు. సంచీ తగిలించుకుని బడికి వచ్చారు.

మా బడినీ పట్నంలో బడితో కలిపేయాలన్న మాట అప్పుడు నడుస్తోంది. పండుగ రోజు ఆ 14వ బ్యాచ్ పెద్దాయన స్టాలు దగ్గర నిలబడి చేపముక్కల పులుసు తాగుతూ, విద్యార్థి సంఘం నాయకురాలిని అడిగాడు, వచ్చే ఏడు ఒకటో తరగతిలోకి ఎందరొస్తున్నారని. "తొమ్మిది మంది" అంది. ఆయన ఏమీ అనలేదు. ఇంకో గిన్నె పులుసు పోయించుకున్నాడు. సాయంత్రం ఆయనే ప్రధానోపాధ్యాయురాలి గదిలో గంటన్నర కూర్చున్నాడు. బస్సు ఖర్చు సంఘం పెట్టుకుంటే పక్క ఊళ్ల పిల్లలు వస్తారా అని లెక్కలు వేశారని టీచరమ్మ చెప్పింది.

ఇక్కడికి వచ్చాక నిన్న నేను మన హెడ్మాస్టరు గారిని అదే ప్రశ్న అడిగాను. మా బ్యాచ్‌లో ఒక్క పదో తరగతికే రెండు సెక్షన్లు, 94 మందిమి. ఇప్పుడు ఆరు నుంచి పది దాకా అందరూ కలిసి 131 మంది. మన ఊళ్లో పిల్లలకు కరువు లేదు. పొద్దున ఏడున్నరకు ఈ గేటు ముందు నిలబడితే పసుపుపచ్చ వ్యాన్లు తొమ్మిది పోయాయి, లెక్కపెట్టాను. వాటిలో మన బ్యాచ్‌ల వాళ్ల పిల్లలు, మనవళ్లు ఉన్నారు. మన సంఘం గేటు కట్టించింది, వేదిక కట్టించింది, మంచి పని. ఆ పెద్దాయన గంటన్నర కూర్చుని వేసిన లాంటి లెక్క మనమూ ఒకటి వేసుకుందామని, మధ్యాహ్నం సర్వసభ్య సమావేశంలో నేను అడగబోతున్నాను. కార్యదర్శి గారికి ముందే చెప్పాను, ఆయన కార్యక్రమంలో చేర్చారు.

నేను 2019 ఫిబ్రవరిలో వచ్చేశాను. ఆ బడి ఇంకా నడుస్తోంది. పక్క ఊళ్లకు బస్సు తిరుగుతోంది. పోయిన చుక్జే వీడియో టీచరమ్మ పంపింది. పిల్లలు 41 మందే. దయ్యాల కొంప ఒక గది నుంచి అర గదికి తగ్గింది. నా స్టాలు ఉన్న చోట ముసలమ్మలే కూర్చుని, ఎండాకాలంలో కోసి నూరి, ఫ్రిజ్‌లో గడ్డకట్టించి దాచిన బొంగ్సన్‌హ్వా ముద్దను పిల్లల గోళ్లకు పెడుతున్నారు. బయట మంచు పడుతోంది. వీడియో నా ఫోనులో ఉంది, భోజనాల దగ్గర కావలసినవాళ్లకు చూపిస్తాను.